నార్వే దోవ నడుస్తానని మొక్కుకున్న మేస్త్రీ

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు సహోదరులారా, సహోదరీలారా. నా చీకటి కాలం తాగుడుతో వచ్చింది కాదు, జూదంతో వచ్చింది కాదు, అట్లాంటివే అయితే ఊర్లో అందరికీ తెలిసి నలుగురు పిలిచి బుద్ధి చెప్పి ఉందురు. నా చీకటి భక్తి రూపంలో వచ్చింది, అందుకే ఎవరికీ కనపడలేదు, నాకు అసలే కనపడలేదు. పదకొండు సంవత్సరాలు నా కాళ్ళు ఒకచోట నిలవలేదు, నెమ్మదిగా కూర్చొని ఒక పూట తిన్నది లేదు, కన్నబిడ్డ ముఖం తిన్నగా చూసింది లేదు, దేవుని పని మీదే ఉండానని అనుకుంటా దేవునికి దూరదూరంగా నడిచినాను. ఆ నడక నుంచి నన్ను ఆయన ఎట్లా విడిపించినాడో చెప్పడానికే ఈ పూట మీ ముందర నిలబడినాను.

కొత్తగా వచ్చిన విశ్వాసులకు నేనెవరో తెలీదు కదా, నా పేరు దానియేలు, రోడ్ల శాఖలో మేస్త్రీని. తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డులో ఈ వడమాలపేట దగ్గర మా గ్యాంగు పని, గుంతలు పూడ్చడం, వానకు తెగిన గట్టుకు మన్ను వేయడం, పక్కన ముళ్ళకంప కొట్టించడం. దసరా ముందర పెరటాసి నెల వచ్చిందంటే అరవ దేశం నుంచి పసుపు గుడ్డలు కట్టుకొని వేలమంది తిరుమల కొండకు ఈ రోడ్డు మీదే నడిచి పోతారు, మీరూ చూసి ఉంటారు, ముసలివాళ్ళు, చంకన బిడ్డలున్న తల్లులు, అరికాళ్ళు బొబ్బలెక్కినా ఆగరు. వాళ్ళు నడిచే దోవలో ముల్లు లేకుండా తీయించేది నేనే. ప్రతి ఏడూ అట్లా పార పట్టుకొని నిలబడి చూస్తా ఉంటే నాకు లోపల సిగ్గు పుట్టేది, వీళ్ళు మొక్కుకున్న దానికి ఇంత దూరం నడుస్తారే, నేను నా ప్రభువు కోసం యాడికి నడిచినాను, మా ఇంటి నుంచి ఈ గుడికి నూరడుగులు, ఆ నూరడుగులకు కూడా ఆదివారం పూట ఆలస్యంగానే వస్తాను కదా అని. క్రైస్తవుడికి నడిచిపోయే తావు ఒకటి లేకపోయెనే అనేది నా బాధ.

ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రి ఆవరణలో దోవకు కంకర పరిచే పని మా గ్యాంగుకు పడింది. ఆ ఆసుపత్రిలో నార్వే దేశపు దొరసానమ్మ ఒకామె నర్సుగా ఉండేది, ఇంగ్రిడమ్మ అని పిలిచేవాళ్ళం, ఎండకు ఎర్రబడిన ముఖం, మోకాలి నొప్పి ఉన్నా మంచం మంచానికీ తిరిగే మనిషి. ఆయమ్మ గదిలో గోడకు ఒక రాతి గుడి పటం ఉండింది. అదేందమ్మా అని అడిగితే ఆయమ్మ వచ్చీరాని తెలుగులో చెప్పింది, పాతకాలంలో మా దేశంలో జనం చేతికర్ర పట్టుకొని ఓస్లో పట్నం నుంచి ఉత్తరంగా బయల్దేరి, అడవులూ మంచు కొండలూ దాటి, నెల పైన నడిచి, ట్రోండ్‌హైమ్ అనే ఊర్లో ఉండే ఈ పెద్ద గుడికి పోయేవాళ్ళు, నాలుగు వందల మైళ్ళు అని. పాతకాలంలో అన్న మాటను నేను పట్టించుకోలేదు, నాలుగు వందల మైళ్ళు అన్నదాన్ని గట్టిగా పట్టుకున్నాను. క్రైస్తవుడికి కూడా నడిచే దోవ ఉండాదప్పా అని ఆ రోజంతా మా కూలీలకు చెప్పిందే చెప్పినాను, వాళ్ళకు విసుగొచ్చింది.

ఆ మరుసటి సంవత్సరం, ఎమర్జెన్సీ పెట్టిన ఏడు, మా ఎస్తేరుకు మెదడు జ్వరం వచ్చింది. మాకు ఒక్కతే బిడ్డ, అప్పటికి దానికి ఆరేండ్లు. సోమవారం బడి నుంచి తల నొస్తా ఉండాదని వచ్చి పండుకున్న పిల్ల మంగళవారానికి కండ్లు తేలేసింది, మెడ కొయ్యబారిపోయింది, నా భార్య మార్తమ్మ బిడ్డను ఎత్తుకొని ఏడుస్తా రోడ్డు మీదికి వస్తే కంకర లారీని ఆపి ఆసుపత్రికి చేర్చినాము. తొమ్మిది రోజులు తెలివి లేదు. సూది పొడిచినా కదలదు, పిలిస్తే పలకదు, నోట్లో నీళ్ళు పోస్తే పక్కకు కారిపోతాయి. ఇంగ్రిడమ్మ ఆ మంచం విడిచిపోలేదు, మార్తమ్మ మంచం కింద చాప విడిచిపోలేదు, నేను మాత్రం లోపల ఉండలేక వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతానే ఉన్నాను.

పదో రోజు బేస్తవారం. మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చి బిడ్డ కండ్లు విప్పి చూసి, ఇంగ్రిడమ్మతో ఇంగ్లీషులో ఏందో మెల్లగా మాట్లాడి, నా పక్క చూడకుండానే వెళ్ళిపోయినాడు. ఇంక అయిపోయిందని నేను అనుకున్నాను. మూడు గంటల వేళ ఆసుపత్రి వెనక యాపచెట్టు కాడ కంకర కుప్ప మీద మోకాళ్ళు వేసి, రాళ్ళు గుచ్చుకుంటా ఉంటే అదే మంచిదని, గట్టిగా మొక్కుకున్నాను.

"ప్రభువా, నా బిడ్డను లేపు. నువ్వు లేపితే నేను నార్వే దేశానికి పోయి ఆ నాలుగు వందల మైళ్ళూ ఈ కాళ్ళతో నడిచి నీ గుడికి వస్తాను. నడవకపోతే ఇచ్చిన బిడ్డను నువ్వే తిరిగి తీసుకో."

ఆ ఆఖరి మాట ఎవరు అనమన్నారు నన్ను? దేవుడు అడిగినాడా? ఊర్లో మొక్కులంటే అట్లాగే ఉంటాయి, చెల్లించకపోతే ఇంత, తప్పితే అంత అని ఒక కట్టడి పెట్టుకుంటారు, చిన్నప్పటి నుంచి విన్నది అదే కాబట్టి నా నోట్లో నుంచి అదే వచ్చింది. శుక్రవారం తెల్లవారి బిడ్డ కండ్లు తెరిచింది సహోదరులారా, మజ్జిగ కావాలని అడిగింది. నేను ఆ వరండాలోనే పరిగెత్తినాను, ఎందుకు పరిగెత్తినానో నాకే తెలీదు.

రెండు వారాలకు బిడ్డను ఇంటికి తెచ్చుకొని, ఆ ఆదివారం ఇదే గుడిలో ఇదే తావులో నిలబడి సాక్ష్యం చెప్పినాను. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎంత గొప్పగా చెప్పినాను! మొక్కు సంగతి, మైళ్ళ సంగతి, నడవకపోతే బిడ్డను తీసుకొమ్మన్న సంగతి, అన్నీ చెప్పినాను, మీరు చప్పట్లు కొట్టినారు, కొంతమంది ఏడ్చినారు. బక్కచిక్కిన ఎస్తేరు ఆ పొద్దు తల్లి ఒడిలో కూర్చొని కండ్లు పెద్దవి చేసుకొని విన్నింది. అందరూ నన్నే చూసినాము గానీ ఆ బిడ్డను ఎవరూ చూడలేదు.

అంతటితో మొదలైంది. ఇంగ్రిడమ్మ వయసు మీరి ఆ ఏడు చివరలో వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది. ఆయమ్మకు మొక్కు సంగతి నేను చెప్పలేదు, ఇంకెవరినీ చెప్పనియ్యలేదు. ఏదో ఒక రోజు ఆ గుడి దాకా నడిచి, ఆపైన ఆయమ్మ ఇంటి తలుపు తట్టి, అమ్మా నేను దానియేలును అని నిలబడాలని నా గొప్ప. బడిలో సోషల్ అయ్యవారి దగ్గర పెద్ద అట్లాసు ఉంటే బతిమాలి తెచ్చుకొని, పాత క్యాలెండరు వెనక ఆ దేశం గీసుకొని, ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్ దాకా ఎర్ర పెన్సిలుతో గీత కొట్టినాను. నేను రోడ్డు మేస్త్రీని, దోవంటే నాకు మైలురాళ్ళు కావాల, రోడ్డు కింద నీళ్ళు పారే మోరీలు కావాల, నీళ్ళు యాడ దొరికేదీ దిగే తావు యాడ ఉండేదీ తెలియాల. ఆ పటంలో అవేమీ లేవు. లేనివాటిని నేనే పెట్టుకున్నాను, పది మైళ్ళకొక మజిలీ గుర్తు పెట్టి, అట్లాసులో ఉన్న హామర్, లిల్లెహామర్ లాంటి పెద్ద ఊర్లు తప్ప మిగతావాటికి పేర్లు తెలీక మన ఊర్ల పేర్లే పెట్టినాను.

ఇంక నడక అలవాటు చేసుకోవాల కదా. శనివారం పొద్దన్నే ఇల్లు వదిలితే చంద్రగిరి కోట గోడ తగిలేసరికి మాపటేళ అయ్యేది, ఆడ సత్రం అరుగు మీద పండుకొని ఆదివారమంతా వెనక్కి నడిచేవాణ్ణి. అట్లా రెండుసార్లు పోయి వస్తే హామర్ అనే ఊరు దాటినట్టు నా లెక్క. నాయుడుపేట దాకా పోయి వచ్చినప్పుడల్లా డోవ్రే కొండలు దగ్గరపడినట్టు. ఎండాకాలంలో నాయుడుపేట రోడ్డులో ఒక లారీ డ్రైవరు జాలిపడి బండి ఆపి, యాడికప్పా ఈ ఎండలో అని అడిగితే, లిల్లెహామర్ దాటినాను, ఇంక ముందరంతా కొండలే అని చెప్పినాను. ఆయప్ప నన్ను ఎగాదిగా చూసి బండి తోలుకొని పోయినాడు. ఊర్లో నాకు నార్వే మేస్త్రీ అని పేరొచ్చింది, టీ బంకు కాడ నేను కనపడితే చాలు, ఏం మేస్త్రీ, మంచు పడతా ఉండాదా అని అడిగేవాళ్ళు. వాళ్ళకు నవ్వులాట, నాకు మాత్రం ప్రాణాల మీదికి వచ్చిన సంగతి.

చలికి తట్టుకుంటానో లేదో అని ఒకటే గుబులు. మనకు చలంటే మార్గశిరంలో దుప్పటి కప్పుకునేంత. అందుకని తిరుపతిలో ఐసు ఫ్యాక్టరీకి పోయి, వాచ్‌మన్‌కు నమస్కారాలు పెట్టి, ఐసు గడ్డలు పేర్చే గదిలో బొంత కప్పుకొని గంట సేపు అటూ ఇటూ నడిచినాను. మార్తమ్మ పాత చీరలు మూడు పొరలు వేసి కుట్టిన బొంత అది. బయటికి వచ్చినాక మూడు వారాలు రొమ్ము పట్టేసి దగ్గుతా పండుకున్నాను, డాక్టరు ఏమైందని అడిగితే చెప్పడానికి సిగ్గయింది. పాత మిలిటరీ బూట్లు తెచ్చుకొని ఆముదం పట్టించి మెత్తగా చేసుకున్నాను. రాగిపిండి, ఎండుమిరపకాయలు, చింతపండు ఎన్ని వీశెలు మోసుకుపోవాల, ఆ మంచులో సంగటి కెలకడానికి పుల్లలు దొరుకుతాయా అని పనిలో ఉన్నా, పండుకున్నా, అదే ఆలోచన. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే విచారణకు వచ్చిన పోలీసాయన, ఆ దేశంలో ఏం పని అని అడిగినాడు. నడిచే పని అన్నాను. "నడిచేదానికి అంత దూరం పోవాల్నా, ఈడ దోవలు లేవా అప్పా?" అని కాగితాలు మూసేసి పోయినాడు. ఆ దరఖాస్తు మూడుసార్లు తిరిగి వచ్చింది.

ఆదివారాలు నేను గుడికి రావడం మానేసినానని మీ అందరికీ తెలుసు. దేవుని గుడికి నడవడం అలవాటు చేసుకునేదానికి దేవుని గుడికి రాకుండా పోయినాను, ఇంతకంటే పిచ్చి ఉంటుందా! మన పాస్టరు అయ్యగారు ఒకసారి రోడ్డు పని కాడికి వచ్చి, దానియేలు, నువ్వు మాట ఇచ్చింది నిజమే గానీ ఆ మాట నిన్ను తినేస్తా ఉండాది కదా అని మెల్లగా అన్నారు. మొక్కుకుంటే చెల్లించమని వాక్యమే చెప్తుందని నేను ఎదురు తిరిగినాను. ఆయన ఇంకేదో చెప్పబోతే నేను వినలేదు, పార పట్టుకొని అవతలికి పోయినాను. ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక నాకు ఉండేది కాదు.

ఇప్పుడు ఎస్తేరు సంగతి చెప్తాను, ఇది చెప్పడమే నాకు కష్టం. బిడ్డకు తుమ్ము వచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా, ఇంకా నడవలేదు కాబట్టి తీసుకుంటా ఉండాడు అనుకొని, బిడ్డ పక్కన కూర్చోకుండా బూట్లు వేసుకొని రోడ్డెక్కేవాణ్ణి, పది మైళ్ళు నడిస్తే దేవుడు కాస్త ఓర్చుకుంటాడని. దానికి జ్వరం వచ్చిందంటే నాయన ఇంట్లో ఉండడు, ఆ బిడ్డ పెరిగింది అట్లా. ఎనిమిదేండ్లప్పుడు తల్లిని అడిగిందంట, అమ్మా నాయన నడిచేదాకా నేను మీ బిడ్డనేనా, దేవుని బిడ్డనా అని. మార్తమ్మ అది నాకు చెప్పి ఏడిస్తే, అందుకే కదే నేను తొందరపడేది అని ఆమె మీదే అరిచినాను. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మోసింది మార్తమ్మే, ఒక్క రోజు కూడా నన్ను వదిలిపోతానని అనలేదు.

బిడ్డ చదువులో చురుకు. ఇంటర్ అయినాక అయ్యగారు నర్సు ట్రైనింగుకు దరఖాస్తు కాగితం తెచ్చి పెట్టినారు, ఎస్తేరుకు చిన్నప్పటి నుంచీ అదే ఆశ. ఆ కాగితం దేవుని పటం వెనక నెలల తరబడి అట్లాగే ఉండింది, నింపలేదు. అయ్యగారి భార్య అమ్మగారు అడిగితే, మూడేండ్ల చదువు కదమ్మా, అన్ని రోజులు ఉంటానో లేదో, నా తావులో ఇంకొకరికి ఇస్తే మేలు కదా అనిందంట. పదిహేడేండ్ల పిల్ల, ఆరోగ్యంగా ఉండే పిల్ల, ఆ మాట అనింది. అది విని కూడా నాకు బుద్ధి రాలేదు సహోదరులారా. ఇంకా త్వరగా పోవాలని మాత్రమే అనుకున్నాను.

ఆ ఏడే ఎట్లాగో పాస్‌పోర్టు చేతికొచ్చింది. వీసా సంగతి అడగడానికి మద్రాసుకు పోతే, ఆ దేశంలో నన్ను ఎరిగినవాళ్ళు ఒకరు ఉత్తరం రాస్తే మంచిదని ఆడ ఎవరో చెప్పినారు. ఇంక దాచి లాభం లేదని అయ్యగారి దగ్గర కూర్చొని, కాదు కాదు, కూర్చోలేదు, ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతా ఇంగ్రిడమ్మకు ఉత్తరం రాయించినాను. బేస్తవారం మూడు గంటలకు యాపచెట్టు కాడ మొక్కుకున్నది, శుక్రవారం తెల్లవారి బిడ్డ లేచింది, పదకొండేండ్లుగా తయారవుతా ఉండేది, అంతా రాయించినాను. రెండు నెలలకు జవాబొచ్చింది. ఆ పొద్దు ఇంట్లో ఎస్తేరుకు రెండు రోజులుగా జ్వరం.

అయ్యగారు ఉత్తరం విప్పి చదివి తెలుగులో చెప్తా వచ్చినారు. ప్రియమైన దానియేలుకు అని ఉండాది, క్షేమ సమాచారాలు ఉండాయి. తరవాత ఆయమ్మ రాసింది ఏమంటే, నువ్వు అడిగిన దోవ ఇప్పుడు లేదు, నాలుగు వందల ఏండ్ల కిందనే మా జనం ఆ నడక మానేసినారు, కొన్నిచోట్ల దాని మీద గోధుమ చేలు, కంచెలు ఉండాయి, కొన్నిచోట్ల లారీలు తిరిగే పెద్ద రోడ్డు పడింది, మిగిలింది అడవి, ఆ దోవ నేను కూడా ఎప్పుడూ నడవలేదు, పుస్తకంలో చదివింది నీకు చెప్పినాను అని.

అంతవరకే విన్నాను. ఇంకా ఉండాది దానియేలు, కూర్చో, ఇంకొక కాగితం ఉండాది అని అయ్యగారు అంటానే ఉన్నారు, నేను బయటికి వచ్చేసినాను. దోవ లేదంట! ఎర్ర పెన్సిలు గీత మీద గోధుమ చేలంట! చెల్లించడానికి వీల్లేని మొక్కు మొక్కినాను, ఇంట్లో బిడ్డకు జ్వరం, ఇంక ఆయన తీసుకుంటాడు. నా తలలో ఒకటే మాట తిరిగింది, దోవ లేకపోతే లారీల రోడ్డు మీదనైనా నడుస్తాను, కంచెలు దాటి నడుస్తాను, ఈ పొద్దే మద్రాసుకు నడక మొదలుపెడతాను, ఆడ ఏ ఓడ దొరికితే ఆ ఓడ. సంచి ఎప్పుడూ కట్టే ఉండేది కాబట్టి తీసుకోవడానికి ఇంటికి పోయినాను. మార్తమ్మ కొళాయి కాడికి పోయి ఉండింది. తలుపు దగ్గరేసి ఉండాది, లోపల ఎస్తేరు గొంతు వినపడింది, ఎవరితో మాట్లాడతా ఉందా అని ఆగినాను. మంచం పక్కన నేల మీద మోకాళ్ళేసి ప్రార్థన చేస్తా ఉండాది.

"ప్రభువా, మా నాయన ఇంక నడవలేడు. ఆయన కాళ్ళు చూసినావు కదా. నువ్వు నన్ను తీసేసుకో, నాకు భయం లేదు. నేను పోతే ఆయన ఇంక యాడికీ పోనక్కర లేదు. ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టు, అమ్మ పక్కన కూర్చొని బువ్వ తిననీ."

నేను తలుపు కాడనే కూలబడిపోయినాను సహోదరులారా. నా బిడ్డ బతకాలని నేను నడిస్తే, నా నడక ఆగాలని నా బిడ్డ చావును అడుగుతా ఉండాది. ఏ దేవుని గురించి నేను ఆ బిడ్డకు నేర్పినాను? ఇచ్చింది లాక్కునేవాణ్ణి, మైళ్ళు కొలిచేవాణ్ణి, ఆరేండ్ల పిల్ల ప్రాణం మీద గురి పెట్టుకొని కూర్చునేవాణ్ణి నేర్పినాను. నేను నమ్మిన ప్రభువు అట్లాంటివాడు కాదని నాకు తెలుసు, తెలిసి కూడా నా భయాన్నే దేవుడని పిలిచి దానికి దండం పెట్టినాను. ఆ గడప మీద కూర్చొని, ఏడుస్తానే, వచ్చినంత మటుకు ప్రార్థన చేసినాను.

"తండ్రీ, నావల్ల కాదు. నేను నడవను. నడవలేను. ఆ మొక్కు నోరు జారి మొక్కింది, దాని తప్పు నా మీద వేయి, బిడ్డ మీద వేయొద్దు. నువ్వెట్లాంటివాడివో నాకు నువ్వే చూపించు."

పదకొండేండ్లలో బేరం పెట్టకుండా నేను చేసిన ప్రార్థన అదొక్కటే, మైలు లేదు, మజిలీ లేదు. తలుపు తోసుకొని లోపలికి పోయి ఎస్తేరు పక్కన నేల మీద కూర్చున్నాను. దాని చెయ్యి పట్టుకుంటే కాలిపోతా ఉండాది, అయినా లేచి పోలేదు. ఏంది నాయనా, పోలేదా అని అడిగింది. పోలేదమ్మా అన్నాను. తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసినాను, జ్వరంలో ఆ బిడ్డకు నా చేత్తో చేసిన మొదటి సేవ అదే.

మార్తమ్మ బిందెతో వచ్చేసరికి వెనకనే అయ్యగారు కూడా వచ్చినారు, ఎండలో గొడుగు లేకుండా, చేతిలో ఆ రెండో కాగితం. నువ్వు వినకుండా పోతే నేను వదిలేస్తానా అప్పా, ఈసారి నడుచుకుంటా నేనే వచ్చినాను అని కూర్చున్నారు. ముగ్గురం విన్నాము. ఇంగ్రిడమ్మ ఏం రాసిందంటే, దానియేలు, నీ ఉత్తరం చదివి నేను చాలా రోజులు నిద్రపోలేదు, నా పాత డైరీలు తీసి చూసినాను, ఆ బేస్తవారం గురించి నీకు తెలియని సంగతి ఒకటి నేను చెప్పకుండా ఉండిపోయినాను, నన్ను క్షమించు. ఆ బేస్తవారం తెల్లవారుజామున మార్తమ్మ చాప మీద అలిసి నిద్రపోతా ఉండింది, నేను బిడ్డ ముఖం తుడుస్తా ఉంటే అది తల పక్కకు తిప్పింది, చెంచాతో నీళ్ళు పోస్తే మింగింది, నా వేలు గట్టిగా పట్టుకుంది. జ్వరం దిగడం మొదలైంది అప్పుడే. మధ్యాహ్నం డాక్టరుకు చెప్తే, ఇంకొక రోజు చూద్దాం, ఇప్పుడే చెప్పి తల్లిదండ్రులకు ఆశ పెట్టొద్దు అన్నాడు, అందుకని నేను నోరు మూసుకున్నాను, మరుసటి రోజు బిడ్డ కండ్లు తెరిచినాక ఇంక చెప్పే పని లేదనుకున్నాను. నువ్వు యాపచెట్టు కాడ మోకాళ్ళు వేసేసరికి నీ బిడ్డ బాగవుతా తొమ్మిది గంటలయింది.

అయ్యగారు ఆపినారు. మార్తమ్మ చేతిలో బిందె దించడం కూడా మరిచి అట్లాగే నిలబడింది. ఎస్తేరు లేచి కూర్చొని, అయ్యగారూ, ఆ ముక్క ఇంకొకసారి చదవండి అని అడిగింది. ఆయన చదివినారు. మూడోసారి కూడా చదివించుకుంది. తరవాత నా పక్క తిరిగింది.

"అయితే నాయనా, నువ్వు అడగక ముందే నన్ను ఇచ్చేసినాడా?"

"ఇచ్చేసినాడమ్మా."

"దేనికీ కాదా? నడకకు కాదా?"

"దేనికీ కాదమ్మా. ఊరికే ఇచ్చినాడు."

ఆ బిడ్డ ఏడ్చింది, సహోదరులారా, పదకొండేండ్ల ఏడుపు ఏడ్చింది, నేను దాని పక్కనే ఉన్నాను, మార్తమ్మ ఇద్దరినీ పట్టుకుంది. ఆ జ్వరం మామూలు జ్వరమే, మాత్రలకు నాలుగు రోజుల్లో దిగిపోయింది. దిగిన రోజున ఎస్తేరు పటం వెనక నుంచి దరఖాస్తు తీసి, నా ముందరే కూర్చొని నింపింది. పేరు, ఊరు, పుట్టిన తేదీ రాసి, తండ్రి పేరు అన్న చోట దానియేలు అని రాసి నాకు చూపించింది. పోయిన నెల ట్రైనింగులో చేరింది. చేర్చడానికి నేనూ పోయినాను, బస్సులో పోయినాను.

అంతా మారిపోయిందని మీకు అబద్ధం చెప్పను. ఇప్పటికీ పొద్దన్నే లేస్తానే కాళ్ళు బయటికి లాగుతాయి, ఇప్పటికీ బిడ్డ నుంచి ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే బూట్ల కోసం చూస్తాను. అట్లాంటప్పుడు మార్తమ్మ ఒక మాట అంటుంది, అడగక ముందే ఇచ్చినవాడు కదా, ఇప్పుడు కూడా నీ నడక కోసం ఆగి ఉంటాడా అని. మళ్ళీ కూర్చుంటాను, కూర్చొని ప్రార్థన చేసుకుంటాను. ఇంగ్రిడమ్మకు కృతజ్ఞతలు రాయించినాను, తప్పు ఆయమ్మది కాదని, వినని చెవులు నావని రాయించినాను. పెరటాసిలో కొండకు నడిచిపోయే వాళ్ళను చూసినా నాకు ఇప్పుడు సిగ్గు లేదు, వాళ్ళ దోవలో ముళ్ళు తీయించడం నా పని, అది సంతోషంగా చేస్తాను.

ఈ పూట మీలో ఎవరైనా దేవునితో బేరం పెట్టుకొని లోపల్లోపల నలిగిపోతా ఉంటే, నేను ఇది చేయకపోతే ఆయన అది తీసుకుంటాడని పిల్లల మీద చెయ్యేసి వణుకుతా ఉంటే, తమ్ముడా, చెల్లెలా, నా మాట వినండి, ఆయన అట్లాంటివాడు కాదు. నేను పదకొండేండ్లు తప్పు నడిచి తెలుసుకున్నదాన్ని మీరు ఈ చాప మీద కూర్చొనే తెలుసుకోవచ్చు. ఆయన దగ్గరికి వట్టి చేతులతో రండి, భయం వదిలేసి రండి, మీ ఇంట్లో బిడ్డలు మీ ప్రార్థనలు వింటా ఉండారని గుర్తు పెట్టుకొని రండి. నేను బేస్తవారం మధ్యాహ్నం మూడు గంటలకు అడిగినాను, ఆయన బేస్తవారం తెల్లవారుజామునే ఇచ్చేసి ఉండినాడు. మహిమంతా ముందుగా ఇచ్చిన ఆయనదే, నా కాళ్ళది అందులో రవ్వంత కూడా లేదు. ఆమెన్.